మీరు పోండి, నేను వస్తా

(నడక, ఒళ్లు, ఓపిక: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ నర్సు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శ్రీశైలం నడకదారి గురించే. శివరాత్రి అయిపోయింది, ఉగాది రాబోతోంది. నడిచొచ్చి కాళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్లూ, ఇప్పుడు మూట కట్టుకుంటున్నవాళ్లూ ఒకేసారి పెన్ను పట్టినట్టున్నారు. ముందుగా ఒక పెద్ద ఉత్తరం. కొంత కత్తిరించి ఇస్తున్నాను. పేరు వేయొద్దన్నారు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది అనంతపురం జిల్లా. మేం ముగ్గురం డిగ్రీలో ఒకే బెంచీ. ఒకడికి ఎలక్ట్రికల్ షాపుంది, ఇంకొకడు బ్యాంకులో చేస్తాడు, నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ శివరాత్రికి ఆత్మకూరు దాకా బస్సులో పోయి, వెంకటాపురం నుంచి నడక మొదలుపెట్టినాం. మొదటి రోజు నాగలూటి దాటి పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. ఆ రోజంతా నవ్వులే. రెండో రోజు, అంటే శివరాత్రి నాడు, ముగ్గురం ఉపవాసం. పొద్దున్నుంచే మా షాపు ఫ్రెండ్ వెనకబడినాడు. మఠంబావి దాటి భీముని కొలనులోకి మెట్లు దిగేటప్పుడు వాడి పిక్కలు పట్టేసినాయి. పది మెట్లు దిగితే కూర్చుంటాడు. మాకేమో రాత్రికి పాగాలంకరణ, అదే గుడి శిఖరానికి పాగా చుట్టేది, అందుకోవాలని ఆత్రం. టీవీలో చూడటమే గానీ ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. వాడే “మీరు పోండి, నేను నిదానంగా వస్తా” అన్నాడు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. వాడి దగ్గర నీళ్ల బాటిల్ పెట్టి మేమిద్దరం పైకెక్కినాం. పాగా చూసినాం. వాడు మరుసటి రోజు పొద్దెక్కినాక శ్రీశైలం చేరినాడు. అప్పటినుంచి మాతో మాటల్లేవు. “శివుని దగ్గరికి పోతూ మనిషిని అడవిలో వదిలేసి పోయినారు” అని అందరితో అంటున్నాడంట. పొమ్మన్నది వాడే కదమ్మా? మా తప్పేంది? వాడు మళ్లీ మాట్లాడాలంటే ఏం చేయాల?

జవాబు: పొమ్మన్నది అతనే, ఒప్పుకున్నాను. అయితే ఆ మాట ఎక్కడ నిలబడి అన్నాడో, అప్పుడు అతని ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. తప్పెవరిదన్నది తర్వాత.

ఈ దారి తెలియని పాఠకుల కోసం ఒక మాట. వెంకటాపురం నుంచి శ్రీశైలానికి నల్లమల గుండా సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటి వీరభద్రుడి గుడి, పెద్దచెరువు దగ్గర చెంచుగూడెం, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం, సాక్షి గణపతి, ఆ తర్వాత మల్లన్న. ఘాట్ రోడ్లు లేని కాలంలో ఇదీ ఒక రాజబాటే. 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఇటు శ్రీశైలానికీ అటు అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రాతి మెట్లే గానీ ఇప్పుడు ఏ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకటి జానెడు, పక్కది మోకాలెత్తు, ఇంకొకటి పక్కకు ఒరిగి ఉంటుంది.

భీముని కొలనులో ఉన్న చిక్కేమిటంటే, అది లోయ. రెండు రోజుల నడకలో కాళ్లు పూర్తిగా అలిసిపోయాక ముందు లోయలోకి దిగాలి. దిగినంతా మళ్లీ నిట్టనిలువుగా ఎక్కితేనే కైలాసద్వారం. అందరూ ఎక్కడం గురించి భయపడతారు. నేను వైద్య శిబిరంలో కూర్చుని చూసినంతలో, మనిషిని పడగొట్టేది దిగడం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు ఆగితే పోతుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బిగబట్టి మీ బరువంతా ఆపాలి. ఒక్కో మెట్టుకూ బ్రేకు వేస్తున్నట్టే. ఆయాసం రాదు కాబట్టి అలసట తెలియదు. ఉన్నట్టుండి మోకాళ్లు వణకడం మొదలవుతుంది, పిక్క రాయిలా బిగుసుకుంటుంది.

దీనికి తోడు మీరు ముగ్గురూ ఉపవాసం. శివరాత్రికి నల్లమలలో చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. అడవి అంటారే గానీ తలమీద నీడ ఉండదు. మోదుగలు మాత్రం ఎర్రగా పూసి ఉంటాయి, చూడటానికి బాగుంటాయి, కింద కూర్చుంటే ఎండ ఎండే. చెమటలో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. అతను ఒట్టి నీళ్లే తాగుతూ వచ్చాడనుకుంటాను. పొద్దున్నుంచీ తిండి లేదు, ఉప్పు లేదు, పైన ఎండ. అలాంటప్పుడు మనిషికి చిరాకు వస్తుంది, తల దిమ్ముగా ఉంటుంది, ఎవరూ తనను పట్టించుకోకుండా వదిలేస్తే చాలనిపిస్తుంది. “మీరు పోండి” అన్నది ఆ స్థితిలో వచ్చిన మాట. డాక్టరు అయితే దాన్ని రోగలక్షణంగా రాసుకుంటాడు. మీరు దాన్ని నిర్ణయంగా తీసుకున్నారు.

లక్షణం సంగతి అలా ఉంచినా, మన దగ్గర “మీరు పోండి” అనే మాటకు అంత బరువు ఎప్పుడుంది? పెళ్లి పంక్తిలో “చాలు చాలు” అన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె వేయకుండా వెళ్లిపోయే మేనమామను మీరెక్కడన్నా చూశారా? నాలుగైదు సార్లు అన్నాడని మీరు సాక్ష్యంగా రాశారు. నాకు అదే పట్టుకుంది. నిజంగా ఒంటరిగా రాగలిగినవాడు ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడు. నాలుగైదు సార్లు చెప్పాడంటే, ఎవరో ఒకరు “నోరు మూసుకో” అంటారని ఎదురుచూశాడు.

ఇక్కడ మీ పక్షాన కూడా ఒక మాట అనాలి. పాగాలంకరణ చిన్న విషయమేమీ కాదు. ఏడాదికి ఒక్క రాత్రి. చీరాల నుంచి దేవాంగ నేతకారుడు రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన వస్త్రం తెచ్చి, గుళ్లో దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, ఒంటిమీద బట్ట లేకుండా, గర్భాలయ శిఖరానికీ ముఖమండపం మీది నందులకూ కలిపి చుడతాడు. దానికోసం కాళ్లీడ్చుకుంటూ రెండు రోజులు నడిచినవాళ్లను “ఆ మాత్రం వదులుకోలేకపోయారా” అని కుర్చీలో కూర్చుని అడగడం నాకు చేతకాదు. మీ షాపు మిత్రుడికీ ఆ సంగతి తెలుసు. తనవల్ల మీకు పాగా పోతుందన్న బాధ కూడా ఆ నాలుగైదు “పోండి”లలో ఉంది. కోపం తర్వాత వచ్చింది. చీకటి పడ్డాక వచ్చి ఉంటుంది.

మా నలుగురి సంగతి చెప్తాను. నంద్యాలలో మా వీధివాళ్లమే. నేనూ, రిటైరైన తెలుగు టీచరమ్మ ఒకావిడ, టైలరింగు షాపు నడిపే ఆమె, ఎదురింటి వకీలుగారి భార్య. ఒక ఉగాదికి ఇదే దారిన వెళ్లాం. ఉగాది నడక కన్నడిగులది. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట వైపుల నుంచి గుంపులు గుంపులుగా వస్తారు, కొందరు చెక్కకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. భ్రమరాంబ వాళ్ల ఆడపడుచు, పండగకు పుట్టింటివాళ్లుగా చీరా సారె తెస్తారు. ఎండ మాత్రం శివరాత్రికి రెండింతలు.

భీముని కొలనులోకి సగం దిగామో లేదో టీచరమ్మ బూటు అడుగు ఊడింది. కొత్త బూట్లు, యాత్ర కోసమే కొన్నది. ఎండకు జిగురు వదిలేసి, మడమ దగ్గర మాత్రం పట్టుకుని, అడుగేస్తే టపటపమని కొట్టుకుంటోంది. టైలరమ్మ సంచిలోంచి గోతాలు కుట్టే దబ్బనమూ, మైనం రాసిన దారమూ తీసింది. ఎందుకు తెచ్చిందో ఇప్పటికీ చెప్పదు. మెట్టుమీద కూర్చుని, బూటు ఒళ్లో పెట్టుకుని, గుడ్డకూ అడుక్కూ కలిపి చుట్టూ కుట్టింది. రబ్బరులో దబ్బనం దిగకపోతే రాయితో నెమ్మదిగా కొట్టింది. అది అయ్యేసరికి వకీలుగారి భార్య కాలు చాపి, “అదే సూదితో నా బొబ్బ కూడా పొడవరాదూ” అంది. నేను అరిచిన అరుపుకు పైమెట్ల మీది కన్నడ పిల్లలు ఆగి చూశారు.

అప్పుడు మొదలైంది గొడవ. వకీలుగారి భార్యకు మోకాళ్లు. దిగువకు వచ్చి పైకి చూసేసరికి ఆమె కూర్చుండిపోయింది. “మీరు పోండే, నేను పొద్దు వాలినాక వస్తా.” అచ్చం మీవాడి మాటే. టీచరమ్మకు అప్పటికే ఒళ్లు మండుతోంది, “మోకాళ్లు బాగలేవని ఇంటి దగ్గర చెప్పి ఉంటే సరిపోయేది” అంది. టైలరమ్మ నింపాదిగా, “పోతే నీ సంచి ఎవరు మోస్తారే? మూసుకుని ఆ బొరుగులు తిను” అంది. ఉప్పూకారం కలిపిన బొరుగులూ, వేయించిన చెనక్కాయలూ. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించాను. అరగంటకు ఆమె ముఖంలో రంగు వచ్చింది.

ఎక్కేటప్పుడు ఆమెను ముందు పెట్టాం. ఈ దారిలో నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే. నీరసంగా ఉన్నవాళ్లు వెనక ఉంటే, ముందువాళ్లు ఆగి సేదతీరి, వెనకవాళ్లు రాగానే లేచి బయలుదేరతారు. ముందువాళ్లకు విశ్రాంతి, వెనకవాళ్లకు అది కూడా లేదు. అదే వాళ్లు ముందుంటే ఎక్కడ ఆగాలో వాళ్లే ఆగుతారు, ఎవరూ వెనకబడరు. ఆమె ఇరవై మెట్లు ఎక్కి, ఆయాసం రాకముందే ఆగేది. ఆయాసం వచ్చాక ఆగితే తేరుకోవడానికి రెట్టింపు సేపు పడుతుంది. టీచరమ్మ వెనకాల పళ్లు నూరుతూనే ఉంది. మధ్యలో రాయచూరు వైపు ముసలమ్మ ఒకామె మమ్మల్ని దాటిపోతూ, జొన్నరొట్టె సగం విరిచి, చెనక్కాయల పొడి అద్ది, వకీలుగారి భార్య చేతిలో పెట్టింది. కన్నడంలో ఏమో అంది. మాకు అర్థమైంది “తాయీ”, అంటే అమ్మా, అన్నది ఒక్కటే. కైలాసద్వారం చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. టీచరమ్మ మరుసటి రోజు హటకేశ్వరం దాకా ఆమెతో మాట్లాడలేదు, ఆమె సంచి మాత్రం తనే మోసింది. స్నేహితులతో నడకంటే ఇంతే. పాదయాత్రకు వెళ్తే మనసులు తేటపడతాయని వ్యాసాల్లో రాస్తారు. పడవు. రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరి గుణం వాళ్లు బయటపెడతారు. పడితే నాలుగో రోజు ఇంట్లో పడుకుని ఉన్నప్పుడు పడతాయేమో.

ఇక మీ అసలు ప్రశ్న. ఏం చేయాలి? “పొమ్మన్నది నువ్వే కదరా” అనే వాదన ఇక ఎత్తకండి. అది గెలిచినా మీకు మిగిలేది ఏమీ లేదు. ఫోనులో వద్దు, గ్రూపులో అసలే వద్దు. షాపు కట్టేసే వేళకు మీరూ, బ్యాంకు మిత్రుడూ కలిసి వెళ్లండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాగలూటి దగ్గర ఏం తిన్నారో రాశారు, పాగా ఎలా చుట్టాడో అర పేజీ రాశారు. ఆ రాత్రి మీవాడు ఎక్కడ పడుకున్నాడో రాయలేదు. లోయలోనా, మెట్లమీదా, కైలాసద్వారంలోనా? ఎవరన్నా పట్టుకుని ఎక్కించారా? దుప్పటి ఉందా? మీకు తెలియదు, కాబట్టే రాయలేదు. తెలియదంటే ఇన్నాళ్లూ అడగలేదు. ముందు అది అడగండి. అతను చెప్పేటప్పుడు మధ్యలో మీ పాగా సంగతి తేకండి. ఎంతసేపు చెప్తే అంతసేపు వినండి. తిడితే పడండి. క్షమాపణ మాట దానంతట అది వస్తే సరే, ముందే కాగితం మీద రాసుకుని పోవద్దు.

మళ్లీ ముగ్గురూ వెళ్లే రోజు వస్తే, వెంకటాపురంలో మొదటి అడుగు వేయకముందే రెండు సంగతులు మాట్లాడుకోండి. ఒకరు ఆగితే రెండోవాడు ఆగాలి, ఆ రెండోవాడు ఎవరన్నది ముందే అనుకోవాలి. ముగ్గురిలో ఒకరు పాగా కోసం వెళ్లిపోయినా ఇద్దరు మిగులుతారు. రెండోది, భీముని కొలను పొద్దు ఎక్కకముందే దాటేలా రెండో రోజు తెల్లవారకముందే లేవండి. ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, ఆ దారిలో చాలాచోట్ల అందదు.

ప్రశ్న: ఉగాదికి చెప్పులు లేకుండా నడుస్తానని మొక్కుకున్నాను. వయసు 45. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పులేసుకునే అలవాటు. చేయగలనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మొక్కు మీదీ దేవుడిదీ, నేను మధ్యలోకి రాను. కాలు సంగతి చెప్తాను. అరికాలు చర్మం గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఇప్పటినుంచే రోజూ పొద్దున పావుగంట మట్టినేల మీద వట్టికాళ్లతో నడవండి, నెమ్మదిగా పెంచండి. వేడి రాయి మీద నడక పూర్తిగా వేరు. మధ్యాహ్నం మెట్ల మీది రాయి కాలిన పెనంలా ఉంటుంది, ఆ వేళ నడవకండి.

ఎక్కడైనా చురుక్కుమంటే అక్కడికక్కడే ఆగాలి. అది బొబ్బ కాబోతున్న చోటు. తుడిచి, ఆరబెట్టి, మందుల షాపులో దొరికే కాగితపు ప్లాస్టరు మడత పడకుండా అంటించండి. బొబ్బ వచ్చేశాక చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే, కొత్త ఇంజెక్షను సూదితో అంచున పొడిచి నీరు తీసి, పైచర్మం అలాగే వదిలేయాలి. ఆ చర్మమే దానికి కట్టు. దాన్ని చింపి పసుపు అద్దేవాళ్లను చాలామందిని చూశాను, మరునాడు చీము పట్టి శిబిరానికి వస్తారు. బూట్లేసుకునేవాళ్లకు ఒక మాట: కొత్తవి వేసుకుని బయలుదేరకండి, మా టీచరమ్మ కథ పైన చదివారు.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. ఇన్సులిన్ తీసుకుంటారు. స్నేహితులతో కలిసి నడిచి వెళ్తానని పట్టుపడుతున్నారు. “మల్లన్న చూసుకుంటాడు” అంటారు. టెన్షన్‌గా ఉంది. ఎలా ఆపాలి? – హైదరాబాద్

జవాబు: ఆపడం మీవల్ల అయ్యేదైతే నాకు రాసేవారు కాదు. కాబట్టి షరతులు పెట్టండి. మొదటిది, ఆయన డాక్టరు పాదాలు చూసి సరేననాలి. షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే ముల్లు దిగినా తెలియదు, బొబ్బ పగిలినా తెలియదు. అలాంటివాళ్లు ఈ దారిన పోవద్దు, వట్టికాళ్లతో అసలే వద్దు. గుండె పరీక్ష కూడా చేయించండి. రెండోది, ఉపవాసం లేదు. నడకలో కండరాలు చక్కెరను వాడేసుకుంటాయి, రోజూ వేసే ఇన్సులిన్ మోతాదు ఆరోజు ఎక్కువైపోవచ్చు. ఎంత తగ్గించాలన్నది డాక్టరే చెప్పాలి, తోటి నడకవాళ్లు కాదు. జేబులో గ్లూకోజు పొడో, బెల్లం ముక్కో చేతికందేలా ఉండాలి, సంచి అడుగున కాదు. ఇన్సులిన్ ఎండకు పాడవుతుంది, తడిగుడ్డ చుట్టిన సంచిలో నీడపట్టున మోయాలి.

అన్నిటికంటే ముఖ్యం, తోడు వచ్చే స్నేహితుల్లో ఇద్దరికైనా ఆయనకు షుగరుందని తెలియాలి. చేతులు వణికి, చెమటలు పోసి, తిక్కగా మాట్లాడితే ముందు తీపి పెట్టాలని వాళ్లకు మీరే చెప్పండి. మగవాళ్లు నలభై ఏళ్ల స్నేహితులకు కూడా ఇది చెప్పరు. శిబిరానికి తీసుకొచ్చాక “ఈయనకు షుగరా!” అని పక్కనున్నవాళ్లు ఆశ్చర్యపోవడం నాకు మామూలైపోయింది.

ఇవన్నీ కుదరకపోతే బస్సులో హటకేశ్వరం దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి శ్రీశైలం ఐదు కిలోమీటర్లకు అటూఇటూ, పొద్దున్నే మీరు తోడుండి నడిపించండి. దారిలో సాక్షి గణపతి ఉన్నాడు. వచ్చినట్టు సాక్ష్యం రాసుకునేది ఆయనే. ఎక్కడినుంచి నడిచారని అడిగాడని ఎవరూ చెప్పగా వినలేదు.

ప్రశ్న: మేం ఆరుగురం ఆడవాళ్లం వెళ్లాలనుకుంటున్నాం. దారిలో బాత్రూముల సంగతి, ఆ రోజులు మధ్యలో వస్తే ఏం చేయాలన్నది ఎవరూ చెప్పడం లేదు. – కర్నూలు

జవాబు: ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. పండగ రోజుల్లో మజిలీల దగ్గర తాత్కాలిక ఏర్పాట్లు ఉంటాయి, జనానికి చాలవు. మధ్యలో అడవే. ఇద్దరిద్దరుగా వెళ్లండి, దారి కనిపించేంత దూరంలోనే. అది పులులున్న అభయారణ్యం. చీకట్లో ఒంటరిగా దారి దిగొద్దు. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎక్కువ. మూత్రంలో మంట, ఎండదెబ్బ, రెండూ అక్కడినుంచే. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు.

ఆ రోజులు ఎప్పుడూ వచ్చే తారీకులు చూసుకుని, అనుమానముంటే ప్యాడ్లు, పాత దినపత్రికలు, మూసే కవరు పెట్టుకోండి. వాడినవి అడవిలో పడేయకుండా వెనక్కి తెచ్చుకోవాలి. వాయిదా మాత్రలు వేసుకునేవాళ్లు షాపువాడిని కాదు, డాక్టరును అడగండి. కొందరికి ఆ మాత్రలు పడవు. గుడి నియమం మీ ఇష్టం, మీ ఇంటి ఆచారం. నడక మధ్యలో మొదలైందని ఒకామెను మెట్ల దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టి మిగతావాళ్లు ముందుకెళ్లడం మాత్రం చేయకండి. మొదటి ఉత్తరం వాళ్లకు చదివి వినిపించండి.

ప్రశ్న: దారిలో ఎవరో నొప్పి మాత్రలు పంచుతున్నారు. వేసుకుంటే నడక తేలికవుతుందా? – నంద్యాల

జవాబు: తేలికవుతుంది. అదే ప్రమాదం. ఒంట్లో నీళ్లు తగ్గి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండు చేస్తాయి. బీపీ మందులు వాడేవాళ్లకు ఇంకా చేటు. పంచేవాళ్లు పుణ్యం కోసమే పంచుతారు, వాళ్లనేమీ అనను. అంతగా తట్టుకోలేకపోతే ఏదైనా తిని, మోతాదు మించకుండా పారాసిటమాల్ ఒకటి. అంతకన్నా ముందు ఉప్పు వేసిన మజ్జిగ, కాసేపు కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకోవడం.

ప్రశ్న: శివరాత్రికి నడిచొచ్చి మూడు రోజులైంది. ఇంట్లో మెట్లెక్కుతున్నా, దిగలేకపోతున్నాను. వెనక్కి తిరిగి దిగుతుంటే పిల్లలు వీడియో తీస్తున్నారు. ఆసుపత్రికి వెళ్లాలా? – ఒంగోలు

జవాబు: మామూలే. మెట్లు దిగిన తొడలకు నొప్పి రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి, వారంలోపు తగ్గుతుంది. మంచంమీద పడుకోకుండా ఇంట్లో అటూఇటూ నడవండి, నీళ్లు బాగా తాగండి. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఉన్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూత్రం సంగతైతే కండరం బాగా దెబ్బతిన్నట్టు, పిక్క సంగతైతే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అవేమీ లేకపోతే వెనక్కి తిరిగే దిగండి, రెయిలింగు పట్టుకుని. వారమైనా తగ్గకపోతే మళ్లీ నాకు రాయకండి. పత్రిక వచ్చేది నెలకోసారి, డాక్టరు రోజూ ఉంటాడు.